బలం తగ్గిన బండి

"నువ్వేసిన ప్లేటు నకిలీదప్పా. ఒప్పేసుకో, అదే మర్యాద."

తిమ్మరాయప్ప ఈ మాటను గట్టు మీద నిలబడి, పక్క పొలాలవాళ్ళకు కూడా వినిపించేట్టు అన్నాడు. మెకానిక్ గురుమూర్తి ట్రాక్టరు కింది నుంచి లేచాడు. చేతిలోని పానాను కింద పెట్టాలని కూడా తోచలేదు.

దొడ్డబళ్ళాపురం రోడ్డులోని ట్రాక్టర్ల షెడ్డు అతనికి తండ్రి వదిలి వెళ్ళినది. ఈ వానాకాలం అది ఖాళీగా పడి ఉంది. గురుమూర్తి చెయ్యి పడితే బండికి బలం పోతుందని టీ అంగట్లో తిమ్మరాయప్ప వచ్చినవాడికల్లా చెబుతున్నాడు. విన్నవాళ్ళు మరో షెడ్డుకు పోతున్నారు. లోపం ఈ పొద్దు తేలకపోతే, తాళం వేసి బొమ్మసంద్రలో ఏ ఫ్యాక్టరీ గేటు ముందో నిలబడడమే మిగిలింది.

ఖాళీగా రోడ్డెక్కితే తిమ్మరాయప్ప పాత ట్రాక్టరు బాగానే పోతుంది. నాగలి నేలలో దిగిందా, ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. గురుమూర్తి డీజిల్ ఫిల్టరు మార్చాడు. గాలి వచ్చే దారి శుభ్రం చేశాడు. ఇంజనులో ఏ దోషమూ లేదు. బలం పుడుతోంది, చక్రాన్ని చేరడం లేదు. ఆ రెంటి నడుమ ఉన్నది క్లచ్ ప్లేటు. విప్పి చూస్తే బొగ్గులా మాడి ఉంది. కొత్తది వేశాడు. ఇప్పుడు అదీ మాడుతోంది.

కొత్త ప్లేటు ఊరికే మాడదు. తోలేవాడు ఎడమకాలు పెడల్ మీద ఆనించి ఉంచితేనే అలా మాడుతుంది.

"అన్నా, క్లచ్ మీద కాలు పెట్టే తోలుతున్నావు నువ్వు."

"నేనా? మీ నాయన పానా పట్టకముందు నుంచి తోలుతుండాను. నాకే పాఠం చెబుతావా?"

"పెట్టలేదని ఒట్టెయ్యి."

"ఘాటి సుబ్రహ్మణ్యం మీద ఒట్టు. పెట్టలేదు, పెట్టను!"

తిమ్మరాయప్ప భార్య భాగీరథమ్మ టీ తెచ్చింది. "చక్కెరేసింది నీకప్పా, వెయ్యంది ఆయనకి, ఎన్నేండ్లుగానో చక్కెర జబ్బు కదా. మీరిద్దరూ ఇట్లే కొట్లాడతా ఉండండి. పదును ఆరిపోతే రాగులు మీ నెత్తిన చల్లుకుందాం."

గురుమూర్తికి టీ రుచి తెలియలేదు. యంత్రానికి అబద్ధం చేతకాదు. ఆ విద్య మనిషి ఒక్కడిదే. అయినా దేవుడి మీద ఒట్టు వేసి, ఇంత తొణక్కుండా ఆడగలడా? సాటి మనిషి అన్నం చెడగొట్టడానికి ఇంత దూరం పోగలడా?

"సరే, తోలన్నా. పక్కన మెట్టు మీద నిలబడి నా కళ్ళతో నేనే చూస్తాను."

"చూడు. ఊరందర్నీ పిలుచుకొచ్చి చూడు!"

తిమ్మరాయప్ప విసవిసా బండి వైపు నడిచాడు. ఎడమకాలి చెప్పు బురదలో ఊడిపోయింది. అతను ఆగలేదు.

"చెప్పూ!" అని అరిచింది భాగీరథమ్మ. "కోపమొస్తే కాళ్ళకింద ఏముండాదో కూడా చూడడు ఈ మనిషి."

నాగలి దిగింది. ఇంజను గొంతు చించుకుంది. చక్రాలు ఈడ్చుకుంటూ కదిలాయి. మాడిన వాసన ముక్కుకు తగిలింది. మెట్టు మీది గురుమూర్తి వంగి చూశాడు. పెడల్ మీద, నిబ్బరంగా, తిమ్మరాయప్ప ఎడమపాదం.

"కాలు తియ్యన్నా!"

"తీసే ఉండాది!" తిమ్మరాయప్ప చూపు చాలు మీదే ఉంది.

"నా కళ్ళెదుటే అబద్ధమా?"

"అబద్ధమాడేది నువ్వు! నేను ఒట్టేసినాను కదప్పా!"

గురుమూర్తి ఓర్పు తెగిపోయింది. ఒక చేత్తో మడ్‌గార్డు పట్టుకుని, రెండో చేత్తో ఆ చీలమండను గోళ్ళు దిగేట్టు బిగించి పట్టి, కాలెత్తి పక్కకు లాగి పట్టుకున్నాడు.

బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. ఎర్రనేల రెండుగా చీలి పొర్లింది. తిమ్మరాయప్ప ఎదురుగానే చూస్తున్నాడు. అతని ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా విప్పారింది. గురుమూర్తి గోళ్ళు ఆ చీలమండలో ఇంకా దిగే ఉన్నాయి.

"లాగుతుండాది! శభాష్ గురుమూర్తీ, లాగుతుండాది!" అన్నాడు తిమ్మరాయప్ప.

కాలి వైపు చూడనైనా చూడకుండా అతనే మళ్ళీ అడిగాడు: "బండిలో ఏం ముట్టినావప్పా?"