వణకని ఎలుక

బియ్యం మిల్లు వెనక పెరట్లో ఎలుకలకు ఒక ఆచారం ఉండేది. మేతకు బయల్దేరే ముందు ప్రతి ఎలుకా పిల్లి పడుకునే గోనెసంచిని వాసన చూడాలి. ఒళ్ళు వణికితే ఆరోగ్యం బాగున్నట్టు. వణకకపోతే వెంటనే వచ్చి పందికొక్కు తాతకు చెప్పాలి.

చచ్చిన ఎలుకలను కోసి చూసి, పిల్లి పెంటలోంచి వచ్చే పురుగుల గుట్టు కనిపెట్టింది ఆ తాతే.

“మిల్లు లోపలి ఎలుకల్లో ఉన్న పురుగు పట్టగానే చంపేస్తుంది. మన పెరటి పురుగుది వేరే జాతి, అది చంపదు,” అన్నాడు తాత.

“అయితే మనదే నయం కదా తాతా?” అంది నూకాలు. పెరట్లో దానంత పిరికి ఎలుక లేదు.

“చంపేది ఎలుకతోపాటే మట్టిలో కలిసిపోతుందమ్మా. చంపనిది మెదడులో కూర్చుని, పిల్లంటే భయం పోగొట్టి, నిన్ను నీ కాళ్ళతోనే పిల్లి దగ్గరికి నడిపిస్తుంది. నిన్ను తిన్న పిల్లి కడుపులో పిల్లల్ని పెడుతుంది. అందుకే అది ఇంతగా పెరిగిపోయింది.”

ఆ మాట విన్నాక నూకాలుకు కంటిమీద కునుకు లేదు. రోజూ అందరికంటే ముందే సంచి దగ్గరికి పరుగెత్తేది. గజగజా వణికాక గానీ దాని ప్రాణం కుదుటపడేది కాదు. రోజుకొక ఎలుక మాయమవుతూనే ఉంది. తాత దగ్గరికి మాత్రం ఒక్కటీ వచ్చి చెప్పలేదు.

ఒకనాడు నూకాలు వాసన చూసింది. వణుకు రాలేదు. తాతకు చెప్పాలని గుర్తుంది. కానీ ఎందుకు చెప్పాలో తోచలేదు. సంచి వెచ్చగా ఉంది, కొత్త బియ్యంలా కమ్మగా ఉంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నూకాలు ఆ సంచి మీదే హాయిగా కళ్ళు మూసుకుంది.