దానికీ ఒక టికెట్టు

“మీకొకటి కొట్టాను పెద్దమ్మా. మరి దానికో?”

కండక్టరమ్మ ముసలావిడ ఒళ్లోకి వేలు చూపించింది. పాత దుప్పట్లోంచి గోధుమరంగు కుక్క తల ఒకటి వేలాడుతోంది. కళ్లు మూతలుపడి ఉన్నాయి. నాలుక ఓ పక్కకి జారింది.

“దీనికి టికెట్టేంటి తల్లీ? దీనికి పైనుంచే టికెట్టొచ్చేసింది. నిన్నట్నుంచీ మెతుకు ముట్టలేదు. పశువుల ఆస్పత్రి మూసేలోపు చేరితే బతుకుతుందేమోనని ఆశ.”

“ఏ ఆస్పత్రికైనా సరే, బస్సెక్కిన కుక్కకి ఫుల్ టికెట్టు కొట్టాల్సిందే.”

“ఒళ్లో పెట్టుకున్నాను కదమ్మా?”

“ఒళ్లో కూర్చుంటే మాఫీ పిల్లలకి. అదీ అయిదేళ్లలోపు వాళ్లకి.”

“దీనికి నాలుగే తల్లీ!”

బస్సంతా గొల్లుమంది. కండక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఇంకో వారం గడిస్తే ఆమె ఉద్యోగం పర్మినెంటు. ఈలోగా ఒక్క కేసు పడిందా, మిషను అప్పజెప్పి ఇంటికి పోవడమే. కుక్కల్ని ఊరికే ఎక్కిస్తున్నారని మొన్ననే ఇద్దరిని డిపోలోంచి సాగనంపారు కూడా.

“నా దగ్గరున్నవి నా టికెట్టుకే సరిపోయాయమ్మా,” అంది ముసలావిడ.

“అయితే దిగండి.”

“ఏమమ్మా, రైటా కాదా? తేల్చి చావండి!” ముందునుంచి డ్రైవరు అరిచాడు. ఆమె రైట్ చెప్పందే అతను బండి కదపడు.

తాపీమేస్త్రీ ఒకడు సీట్లోంచి సగం లేచాడు. “చచ్చేదాని దగ్గర వసూలేంటమ్మా? కాటికాపరి కూడా ఇంత గట్టిగా అడగడు.”

“రూలంట రూలు!” కూరల గంపతో కూర్చున్నావిడ అందుకుంది. “బండరాయికైనా చెమ్మ ఉంటుంది.”

“మాటలు మీవి, ఉద్యోగం నాది,” అంది కండక్టరమ్మ.

“ఎవడొచ్చి చూస్తాడు? చూసీ చూడనట్టు పో. నీ బాబు సొమ్మేం పోయింది?” అన్నాడు మేస్త్రీ.

ముసలావిడ చేతులు జోడించింది. “నాకు ముందూ వెనకా ఎవరూ లేరు తల్లీ. ఇదొక్కటే దిక్కు.”

కండక్టరమ్మ వంగి కుక్క తల మీద చెయ్యేసింది. దాని ముక్కు చల్లగా, తడితడిగా అరచేతికి తగిలింది. ‘అయ్యో, అప్పుడే చల్లబడిపోతోందే’ అనుకుంది. ‘సరే, కూర్చోండి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిషను మీంచి బొటనవేలు తీసేసింది కూడా.

అంతలో ఆ మిగిలిన వారం గుర్తొచ్చింది. జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, మధ్యాహ్నం భోజనానికని తెచ్చుకున్న డబ్బులు సంచీలో వేసి, మిషను నొక్కింది. అది కిర్రుమంటూ కాయితం ముక్కని బయటికి తోసింది. దాన్ని మడిచి కుక్క మెడపట్టీలో దోపింది.

“రైట్!”

“ఆహా, పెట్టే చెయ్యేనన్నమాట!” అంది గంపావిడ. “ఆ పెట్టేదేదో ఏడిపించకుండా పెట్టొచ్చుగా?”

కండక్టరమ్మ సంచీ సర్దుకుంటూ ముందుకి నడిచింది.

రెండు స్టాపులు దాటారో లేదో, రోడ్డుకి అడ్డంగా జీపు కనిపించింది. చెకింగు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక తలుపు దగ్గర ఒకడు కాపలా నిలబడ్డాడు. ముందునుంచి ఇన్‌స్పెక్టరు ఎక్కి, వస్తూనే మిషను లాక్కున్నాడు. సీటు సీటుకీ తలలు లెక్కబెట్టాడు.

“మనుషులు ముప్పై తొమ్మిది. టికెట్లు నలభై. ఒకణ్ణి మింగేశావా?”

“కుక్క ఉంది సార్.”

అతను నేరుగా ముసలావిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఏదీ దీని టికెట్టు?”

ముసలావిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

కండక్టరమ్మే వంగి మెడపట్టీలో వేలు పెట్టి వెతికింది. లేదు. చుట్టూ తడిమింది. లేదు. దుప్పటి మడత విప్పింది, దులిపింది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. అప్పుడు దొరికింది, కుక్క గడ్డం కింద చొంగకి అతుక్కుపోయి.

అతను దాన్ని కొసలు పట్టుకుని వెలుతురుకెత్తి చదివాడు. టైము చూశాడు. స్టాపు చూశాడు.

“డబ్బులు ఈవిడిచ్చిందా?”

“నేనిచ్చాను సార్.”

“నువ్వా? నీకేం పట్టింది?”

“ఊరికే తీసుకెళ్తే నా ఉద్యోగం పోతుంది. దింపేస్తే దాని ప్రాణం పోతుంది. ఏది పోయినా ఇవాళ నాకు అన్నం సయించదు సార్. అందుకని ఆ అన్నమే మానుకున్నాను.”

ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించాడు. పెన్నుకి మళ్లీ మూత పెట్టి, మిషను ఆమె చేతిలో పడేసి దిగిపోయాడు. బస్సు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.

కండక్టరమ్మ రైట్ చెప్పబోతుంటే ముసలావిడ లేచింది.

“ఎక్కడికి పెద్దమ్మా? ఆస్పత్రికి ఇంకా మూడు స్టాపులున్నాయి!”

ముసలావిడ వెనక్కి తిరగలేదు. గబగబా మెట్లు దిగింది. ఆమె కాలు నేల మీద పడీ పడకముందే కుక్క దుప్పట్లోంచి ఒక్క గెంతు గెంతి, తోకాడిస్తూ పోయి జీపు ముందు సీటెక్కి కూర్చుంది.

“త్వరగా ఎక్కమ్మా,” అంటూ ఇన్‌స్పెక్టరు ముసలావిడకి చెయ్యందించాడు, “వెనకాల ఇంకో బస్సొస్తోంది.”