పచ్చ లేబులు క్యాసెట్

"ఇది రెండో లాటు బాబూ. నాకు పనికిరాదు," అంటూ క్యాసెట్‌ను వెనక్కి తోసేశాడు రామకోటేశ్వరరావు.

హర్షవర్ధన్‌కు ఒళ్ళు మండింది. పాత పల్లెపాటలు వెతికి నెట్‌లో పెట్టడం అతని సరదా. పెద్దాయన అడిగాడని, సంపూర్ణమ్మ పాడిన నాట్ల పాటల కోసం నెల రోజులు తిరిగి, చివరికి ఆటోనగర్‌లో ఒక లారీ మెకానిక్ కాళ్ళావేళ్ళా పడి సంపాదించాడు. తీరా తెస్తే, పెద్దాయన లేబులు రంగు చూసి మొహం తిప్పుకున్నాడు.

"పాటలు అవేగా అండీ?"

"అవే. నాకు మాత్రం పచ్చ లేబులుదే కావాలి."

అసలు ఆ క్యాసెట్ విడుదల చేసిందే ఆయన. ముప్పై ఏళ్ళ కిందట గవర్నరుపేటలో ఒక్క గది అద్దెకు తీసుకుని వేదశ్రీ ఆడియో పెట్టాడు. రికార్డింగ్ ఆయనే, కాపీలు తీసేది ఆయనే, కట్టలు కట్టి బస్సుల్లో ఊళ్ళకు వేసేదీ ఆయనే. మొదటి క్యాసెట్ సంపూర్ణమ్మది.

అది డీలర్లకు నచ్చలేదు. పెద్ద కంపెనీ సరుకులా లేదని పెదవి విరిచారు. వాళ్ళ మాట పట్టుకుని ఆయన మాస్టర్ టేపుకు బ్లేడు పెట్టి సరిచేసి, ఎర్ర లేబులుతో రెండో లాటు వదిలాడు. తిరిగొచ్చిన పచ్చ లేబులు క్యాసెట్లన్నీ తన చేత్తోనే చెరిపి మళ్ళీ వాడుకున్నాడు. ఖాళీ టేపు వృథా చేసే స్తోమత చిన్న కంపెనీలకు ఎక్కడిది!

తర్వాత సీడీలొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి, కంపెనీ మూతపడింది. అందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. పచ్చ లేబులు ఒక్కటి కూడా దాచుకోలేదే అని మాత్రం కుమిలిపోయేవాడు. పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు. చాదస్తం ముదిరిందని చుట్టాలు నవ్వుకున్నారు.

పది రోజుల తర్వాత హర్షవర్ధన్ పరుగెత్తుకొచ్చాడు.

"సంపూర్ణమ్మగారి ఆచూకీ దొరికిందండీ! పామర్రులో మనవరాలి దగ్గరుంటున్నారు. మీరు అప్పట్లో ఇచ్చిన క్యాసెట్ ఇంకా దాచుకున్నారట. పచ్చ లేబులే!"

పెద్దాయన చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా బయల్దేరాడు.

"కంపెనీ బాబుగారే!" సంపూర్ణమ్మ ఎనభై ఏళ్ళ మొహం విప్పారింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి చీర పేలికలో చుట్టిన క్యాసెట్ తీసింది. పచ్చ లేబులు! ఆయన అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఒక్కసారి వినిపించమ్మా."

"అదెంత భాగ్యం! పోయిన దసరాకి పెడితే టేపు చుట్టుకుపోయి, మొదట్లో మూరెడు నలిగిపోయిందండీ. ఆ ముక్క కత్తిరించి పారేసి, మిగతాది అతికించాం. కంగారు పడబాకండి, నా పాట ఒక్క మాట కూడా పోలేదు."

నిజమే. మీట నొక్కగానే సంపూర్ణమ్మ గొంతు ఖంగుమంది.

"ఎంత బాగుందండీ! అసలు అరగనే లేదు," హర్షవర్ధన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

రామకోటేశ్వరరావు మీట నొక్కి పాట ఆపేశాడు. "ఆ ముక్క... ఎక్కడ పారేశారమ్మా?"

"చెత్తబండిలో వేసేశామండీ. దాంతో ఏం పని మీకు?"

ఆయన బావురుమన్నాడు. పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సంపూర్ణమ్మ కళ్ళు కూడా చెమర్చాయి.

"నా పాటంటే మీకు ఇంత ప్రాణమని నాకు తెలీదు బాబుగారూ."

ఆమె చేతులు రెండూ పట్టుకుని, "అవునమ్మా," అన్నాడాయన.

పారేసిన ఆ ముక్కలో, పాటకు ముందు, "వేదశ్రీ ఆడియో వారి సమర్పణ" అని ముద్దుముద్దుగా చెప్పింది, ఆ మరుసటి ఏడాదే మెదడువాపు జ్వరంతో పోయిన ఆయన కూతురు, ఆరేళ్ళ వేదశ్రీ.