ఖాళీ కొక్కేలు

"ఎవరి బలవంతమూ లేదు కదా?" జడ్జి రెండోసారి అడిగాడు.

"లేదండీ. మా ఆయన మారాడు. ఆ పాత శిక్ష కొట్టేసి, ఆయన తుపాకులు ఆయనకి ఇప్పించండి," అంది మార్లిస్.

వెనక బెంచీలో కూర్చున్న జనెల్ తోడికోడలి దవడ వైపే చూసింది. తన మరిది వేడ్ ఈ పిల్ల దవడ విరగ్గొట్టాడు; ఆ శిక్ష పడింది అందుకే. ఇప్పటికీ ఒక పక్కనే నములుతుంది. అలాంటిది, తనే వచ్చి వాడి కోసం బతిమాలుతోంది!

జడ్జి సరేనన్నాడు. అత్తగారు ఐలీ కొడుకును వాటేసుకుని ఏడ్చేసింది.

"ఆరేళ్ళు! ఎవరి పేరున ఉన్నా సరే, వీడున్న ఇంట్లో తుపాకీ కనపడకూడదన్నారు. గోడ మీద ఆ ఖాళీ కొక్కేలు చూస్తే గుండె తరుక్కుపోయేదనుకో!"

కోడలి దవడ చూసి మాత్రం తరుక్కుపోలేదు, అనుకుంది జనెల్.

కారెక్కగానే తోడికోడల్ని కడిగేసింది.

"సిగ్గులేదుటే నీకు?"

"ఎల్లుండే జింకల వేట మొదలు కదక్కా. ఇంట్లో ఒకటే గోల."

ఉత్తర మిషిగన్‌లో ఆ రోజుకి బడులు కూడా మూసేస్తారు.

"వేటకెళ్ళకపోతే చస్తాడా? మారాడట, మారాడు!"

"పోయిన వారం పళ్ళెం విసిరాడు," అంది మార్లిస్, మంచు పడేలా ఉందన్నంత మామూలుగా. "కాస్త మా తమ్ముడింటి దగ్గర ఆపు. ఒకటి తీసుకోవాలి."

అంటే కోర్టులో అబద్ధమాడిందన్నమాట! రేకు బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మార్లిస్ మళ్ళీ కారెక్కినప్పుడు, జనెల్ ఆమె మొహం కూడా చూడలేదు.

ఇంట్లో అప్పటికే బీరు సీసాలు తెరిచారు. జనెల్ భర్త ఆర్నీ, ఇన్నాళ్ళూ తన దగ్గర దాచిన తమ్ముడి తుపాకులు మూడూ తెచ్చాడు. వేడ్ ఒక్కోదాన్నీ నిమిరి నిమిరి కొక్కేలకు తగిలించాడు. పెళ్ళాన్ని ఏనాడైనా అలా నిమిరాడా? జనెల్‌కి అక్కడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టబుద్ధి కాలేదు.

"నా బంగారు తల్లివే!" ఐలీ మార్లిస్ బుగ్గ నొక్కింది, సరిగ్గా ఆ దవడ పక్కనే. "నీకేం కావాలో కోరుకో."

"దానికేం కావాలమ్మా? నేనుంటే చాలదూ!" వేడ్ కజ్జికాయలా మాంసం కూరిన వేడి వేడి పాస్టీ కొరుకుతూ నవ్వాడు. "ఏయ్, కెచప్ ఏదీ? నుంచుని చూస్తావేం, పట్టుకురా!"

మగాళ్ళంతా గొల్లున నవ్వారు.

మార్లిస్ వంటగదిలోకి వెళ్ళి, బిస్కెట్ల డబ్బాతో తిరిగొచ్చింది. మూత తీసి, అందులోంచి చిన్న పిస్తోలు బయటికి తీసింది.

"నా పేరు మీద కొన్నదే. నీ శిక్ష మూలంగా ఇన్నాళ్ళూ తమ్ముడింట్లో ఉంచాల్సొచ్చింది," అంటూ దాన్ని యాప్రాన్ జేబులో వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కెచప్ ఫ్రిజ్‌లో ఉంది వేడ్. నాక్కూడా తీసుకురా."