బొమ్మ ఆగకూడదు

ఫోన్‌లో కూతురి మొహం మళ్ళీ బిగుసుకుపోయింది. నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి. వెనక నుంచి అమ్మ గొంతు మాత్రం గలగలా వస్తూనే ఉంది.

"నాకు వినిపిస్తోందిగా, చెప్పవే."

"ఏం చెప్పనమ్మా, బొమ్మ ఆగిపోయింది."

"బొమ్మ ఆగితే నోరు కూడా ఆగాలా?"

ఆమె ఫోన్‌ని మంచం మీదికి విసిరేసింది. మరుక్షణం పగిలిందేమోనని తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరి నెల దాటింది. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, ఒకటే కిటికీ. సిగ్నల్ ఆ కిటికీ దగ్గరే. నాలుగేళ్ళ పిల్లని అమ్మ దగ్గర వదిలి వచ్చింది. బయల్దేరే రోజు మేక కథ చెబుతోంది. మేక గొడుగు దొంగిలించి పారిపోతుండగా బస్సు వచ్చేసింది. మిగతాది ఫోన్‌లో చెప్తానని మాటిచ్చింది.

ఆ మాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది. మొదట్లో ఫోన్ కనబడితే చాలు, పిల్ల పరిగెత్తుకొచ్చేది. బొమ్మ ఆగినప్పుడల్లా ఏడ్చేది. నిన్న ఏడవను కూడా లేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది. ఇంకొన్నాళ్ళు పోతే తనెవరో కూడా మర్చిపోతుందేమో.

ఆకుపచ్చ గుర్తున్న యాప్ అలా తగలడిందని, నీలంది వేసింది. అందులో బొమ్మ ఆగలేదుగానీ, గది కనబడకుండా వెనకంతా మసక చేసేసింది. పిల్లకి కొన్న ఎర్ర రిబ్బను పైకెత్తి చూపిస్తే, రిబ్బనుతో పాటు చేతుల్నీ మింగేసింది. ఆ మసక తీసేసే మీట ఎక్కడుందో వెతికి వెతికి కళ్ళు కాయలు కాశాయి. ఉన్న అక్షరాలన్నీ ఇంగ్లీషు. ఆమె చదువు ఏడో తరగతి దగ్గరే ఆగింది.

మూడోది ఊదారంగుది. ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ బొమ్మే పెద్దదవుతుందట. లారీ నడిపే మొగుడు కూడా అందులో కలిశాడు. ఇంకేముంది, హారన్ మోగినప్పుడల్లా తెర నిండా అతని మీసాలే. ఓ మూల అగ్గిపెట్టంత పిల్ల.

"ఆ లారీ కాస్త పక్కకి ఆపవయ్యా."

"ఆపితే వెనకవాడు నన్ను దింపి తంతాడే."

మళ్ళీ మీసాలు. ఎంతసేపు చూసినా పిల్ల బొమ్మ ఒక్కసారీ పెద్దది కాలేదు.

పక్క మంచం కాజాల అక్క ఇదంతా చూస్తూనే ఉంది. చొక్కాలకి కాజాలు కుడుతుంది, నోరు కూడా సూదిలాంటిదే.

"కథే కదే, మామూలు ఫోన్ చేసి చెప్పెయ్. చెవి దగ్గర పెట్టమను మీ అమ్మని. తల్లి గొంతు వింటే ఎంత మొండి పిల్లయినా ఊరుకుంటుంది. మా వాడు అలాగే నిద్రపోయేవాడు."

ఆమె దుప్పటి దులపడం మొదలుపెట్టింది. ఇంటి సంగతి బయట చెప్పుకుంటే ముందు జాలి, ఆ వెనకే సలహాలు. రెండూ ఆమెకి పడవు.

సాయంత్రం షిఫ్టు దిగి ఫోన్ల షాపుకెళ్ళింది. షాపు ఆయన ఆకుపచ్చ యాప్ తెరిచి, తన ఫోన్‌కే కలిపి, చెవి దగ్గర పెట్టుకుని మురిసిపోయాడు.

"తేనెలా వస్తోంది కదమ్మా మాట. ఇంకేం కావాలి?"

"బొమ్మ ఆగకూడదు."

"నెట్ తగ్గితే బొమ్మ ఆపేసి మాటని కాపాడుతుంది. దాని గొప్పే అది."

"నాకు మాట ఆపేసి బొమ్మని కాపాడేది కావాలి."

ఆయన ఫోన్ దించి ఆమెని ఎగాదిగా చూశాడు. "మాట లేని బొమ్మ, గోడమీద క్యాలెండరూ ఒకటే కదమ్మా. అలాంటిది ఎవరడుగుతారు?"

"నేనడుగుతున్నాను కదండీ."

ఆయన విసుక్కుంటూ వెతికాడు. చివరికి ఒకటి దొరికింది. గోదాముల వాళ్ళు ఒకరికొకరు సరుకు చూపించుకోడానికి వాడేదట. రెండువైపులా బొమ్మ ఉంటుంది, ఆగదు, మసక చెయ్యదు. చప్పుడు మాత్రం బొత్తిగా రాదు.

"తీసుకెళ్ళి మళ్ళీ మాట రావట్లేదని నా మీదికి రాకమ్మా."

"రాను."

అమ్మ ఫోన్‌లో కూడా పక్కింటి టీచరమ్మ చేత అదే వేయించింది.

సెలవురోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని కలిపింది. ముందు అమ్మ కనబడింది. పెదాలు చకచకా ఆడుతున్నాయి. ఏం తిడుతోందో ఒక్క ముక్కా వినబడలేదు, ప్రాణానికి హాయిగా ఉంది. అమ్మ ఫోన్‌ని దూరంగా పెట్టి తప్పుకుంది. వెనక పిల్ల, గోడవైపు తిరిగి. అమ్మ వెళ్ళి భుజం తట్టింది. పిల్ల ఇటు తిరిగింది.

తెరలో తల్లి. కదులుతున్న తల్లి. ఆగిపోని తల్లి.

పిల్ల మోకాళ్ళ మీద పాకుతూ ముందుకొచ్చి, రెండు చేతులూ నెత్తిమీద గొడుగులా పెట్టుకుంది.

కాజాల అక్క తొంగి చూసింది. "ఇదేం యాప్ తల్లీ, చప్పుడే లేదు? ఇందులో కథెలా చెప్తావే?"

ఆమె ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి, చేతులు తుడుచుకుని, తల్లి గొంతెలా ఉంటుందో పుట్టినప్పటి నుంచీ ఎరగని కూతురికి, పది వేళ్ళతో మిగతా కథ చెప్పడం మొదలుపెట్టింది.