తల ఊపుళ్ల లెక్క

దేవుడి దయవల్ల అందరికీ సరిపడా పచ్చిక ఉన్న ఒక అడవిలో, కొండమీది తోడేలు రోజూ మేకపిల్లలకు ఒకటే నూరిపోసేది. "మీ మేతంతా జింకలే తినేస్తున్నాయి. కొమ్ములు నూరుకోండి, వెళ్లి పొడవండి" అని.

పెద్దలు కంగారుపడి, పిల్లలకు మంచిమాటలు చెప్పమని గోరింకను తుమ్మచెట్టు మీద కూర్చోబెట్టారు. ఆ మాటలు ఎంత పనిచేస్తున్నాయో కొలవడానికి కొంగను పెట్టారు. కొంగ చెరువు అవతల ఒంటికాలి మీద నిలబడి, చెట్టు కింద తలలు ఎన్నిసార్లు ఊగాయో లెక్కపెట్టేది.

"నిన్న నాలుగొందలు, ఇవాళ తొమ్మిదొందలు. పిల్లలు మారిపోతున్నారు" అని చాటింది. గోరింక మెడలో పూలదండ పడింది.

ముత్యాలు అనే తల్లిమేక మెల్లగా అడిగింది. "కొంగ బాబాయ్, మా చుక్కడు ఇంటికొచ్చి ఇంకా జింకలనే తిడుతున్నాడు. ఒకసారి దగ్గరకొచ్చి చూడకూడదా?"

"దగ్గరకొస్తే లెక్క తప్పుతుందమ్మా. అయినా అందరికంటే ఎక్కువ ఊపుతున్నది మీవాడే. అదృష్టవంతురాలివి."

ముత్యాలు తనే వెళ్లి చూసింది. చుక్కడు గోరింక మాట వినడమే లేదు. తల అటూ ఇటూ ఊపుతూ తుమ్మమానుకు కొమ్ములు రాసి పదును పెడుతున్నాడు. మాను బెరడంతా లేచిపోయింది.

ఆమె కేకలెయ్యలేదు. మానుకూ కొడుక్కూ మధ్య నిలబడింది.

"ముందు నన్ను పొడువు నాన్నా. నేను జబ్బుపడ్డ నెలంతా నీకు పాలిచ్చిన జింకపిన్నిని తర్వాత పొడుద్దువుగాని."

చుక్కడి తల ఆగిపోయింది.

చెరువు అవతల కొంగ నిట్టూర్చింది. "పాపం, ముత్యాలు కొడుకు మన చెయ్యిజారిపోయాడు."