లాంగ్ బెల్

"మళ్లీ లేచారు!" అంది భార్య, సాధన కోసం తనే మోగించిన అలారం గడియారం నొక్కి ఆపుతూ.

కొత్త శాసనసభ్యుడు అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుని వీధి గుమ్మం దగ్గరున్నాడు. నాలిక కరుచుకున్నాడు.

"ఇరవై ఏళ్ల అలవాటు, టీచర్. లాంగ్ బెల్ మోగితే నా కాళ్లు ఇంటిదారి పడతాయి."

"ఇంట్లోనే ఉన్నారు కదా, మాస్టారూ!"

"అందుకే ఎటెళ్లాలో తెలీక ఇక్కడ ఆగాను."

ఇద్దరికీ నవ్వాగలేదు. ఒకే బడిలో పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పినవాళ్లు. పెళ్లయి నెల్లాళ్లయినా పిలుపులు మాత్రం ఇంకా స్టాఫ్ రూమ్‌వే.

కానీ ఇవాళ నవ్వులాట కాదు. సభలో ఓటింగుకు ముందు లాంగ్ బెల్ మోగుతుంది. అది ఆగగానే తలుపులు మూసేస్తారు. బయటున్నవాళ్ల ఓటు గల్లంతే. నిన్న ఆ గంట వినగానే ఆయన బస్టాపు దాకా వెళ్లిపోయాడు. ఇవాళ వచ్చేది ఆయన సొంత బిల్లు: ప్రతి తరగతికీ ఒక టీచరు. దానికోసమే సుద్దముక్క వదిలి రాజకీయాల్లోకొచ్చాడు. ఆయనవైపు ఎక్కువున్నది ఒకే ఒక్క ఓటు.

"సీట్లో కూర్చోగానే బూట్ల లేసులు రెండూ కలిపి ముడేసుకోండి" అంది.

"ఎవరైనా చూస్తే?"

"చూడనివ్వండి. మీరు బడి వదిలాక ఏడాదంతా ఐదు క్లాసులు ఒక్కదాన్నే లాక్కొచ్చాను. మీ పరువు కన్నా ఆ బిల్లే నాకు ముఖ్యం."

సభ వరండాలో ఆమెకు ప్రతిపక్ష నాయకుడు ఎదురొచ్చాడు. వాళ్ల బడిలో చదివినవాడే. అప్పట్లో అందరూ చివరిబెంచీ అనేవారు.

"నమస్తే టీచర్! ఇవాళ ఓటింగుకు పట్టుబడతాను. మాస్టారి సంగతి నాకు తెలీదా? గంట మోగితే సగం లెక్క బోర్డు మీదే వదిలేసి పోయేవారు."

"ఎక్కాలు ఒక్కటీ గుర్తుండేవి కావు. ఇది మాత్రం బాగా గుర్తుందిరా నీకు!"

"ఏం చేస్తాం టీచర్, పదేళ్లూ ఆ గంట కోసమే కదా బడికొచ్చింది!"

ఇకిలించుకుంటూ లోపలికెళ్లాడు. ఆమె పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చుంది. కింద మాస్టారు బల్ల పక్కకి వంగి ఏదో ముడేస్తున్నాడు. ఆయన బట్టతల మీద లైటు పడి మెరుస్తుంటే ఆమెకు ముద్దొచ్చింది.

చర్చ ముగిసింది. చివరిబెంచీ లేచి, "ఓటింగు జరగాల్సిందే!" అని అరిచాడు.

గణగణగణగణ...

 కదలకండి మాస్టారూ, కదలకండి, అనుకుంది ఆమె. అలా అనుకుంటూనే ఒక చేతిలో హ్యాండ్‌బ్యాగు, ఇంకో చేతిలో గొడుగుతో చకచకా మెట్లు దిగేసింది. వరండాలోకొచ్చి పడ్డాక గాని స్పృహ రాలేదు.

అయ్యో! నేనెందుకొచ్చాను?

గంట ఆగింది. తలుపులు ధడాలున మూసుకున్నాయి.

నేనే ఇలా వచ్చేశానంటే, మరి ఆయన?

పెద్దతలుపు దగ్గరికి పరుగెత్తింది. అక్కడొక మనిషి అటు తిరిగి, భుజాన సంచీతో, "తియ్యండి, తియ్యండి!" అంటూ తలుపు బాదుతున్నాడు. అయ్యో, మాస్టారే! అనుకుంది.

అంతలో లోపల చప్పట్లు. పక్క కిటికీలోంచి బంట్రోతు తల బయటికి పెట్టాడు.

"బిల్లు నెగ్గిందమ్మా! మాస్టారు లేవబోయి బల్లమీద బోర్లా పడ్డారు. పడుకునే చెయ్యెత్తారు! రెండోట్ల తేడా!"

"రెండా? మాకు ఎక్కువున్నది ఒకటే కదా?"

తలుపు బాదుతున్న మనిషి ఇటు తిరిగాడు. చివరిబెంచీ! మొహం నిండా చెమటలు.

"నువ్వెందుకొచ్చావురా?"

"లాంగ్ బెల్ కొట్టారు కదా, టీచర్!"